ఎడమకాలి కింద క్లచ్

మా ఇంట్లో టీవీ గోడ దిగి పాత చెక్కబెంచీ మీద కూర్చుని ఏడాది దాటింది. ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు, అంత పెద్ద టీవీని ఎవరైనా అట్లా నేలబారుగా పెట్టుకుంటారా అని. ఎదురింటి అక్కయ్య ఇంకో అడుగు ముందుకేసి, గోడ బలంగా లేదేమోనని అనుమానపడింది. గోడకేం, నాలాగే ఉంది, ఎవరు మోదినా పెచ్చు కూడా ఊడదు అని చెప్పాను.

దాన్ని దింపించింది మా నాన్న. ఆయన చెప్పిన కారణం ఒకటే. "ముందద్దం అంత పైనుంటే రోడ్డెట్టా కనపడుద్ది?"

నాన్న ముప్ఫయ్యారేళ్ళు లారీ నడిపాడు. మా ఊరు కారంపూడి. అక్కడి పత్తి బేళ్ళు, నాపరాళ్ళు, సున్నం బస్తాలు ఆయన చేతుల మీదుగా బళ్ళారి దాకా, ఒక్కోసారి ఇంకా అవతలికి పోయేవి. నా చిన్నతనంలో నాన్నంటే మనిషి కాదు, హారన్. ఊరి మొదట్లో నాగులేటి వంతెన మీదికి రాగానే రెండు పొట్టివి, ఒక పొడుగుది కొట్టేవాడు. ఆ చప్పుడు వినగానే అమ్మ ఎసరు పెట్టేది. అన్నం ఉడికేసరికి ఆయన లారీని అడ్డాలో పెట్టి గుమ్మంలోకి వచ్చేవాడు. రెండు రోజులుండి మళ్ళీ పోయేవాడు. నా స్కూలు ఫంక్షన్లకి రాలేదని, నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు లేడని, ఇంటరులో ఏ గ్రూపు తీసుకున్నానో కూడా ఆయనకు తెలియదని నేను తర్వాత చాలా ఏళ్ళు లెక్చర్లు పీకాను. ఎంఏ చదివి ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని, పీకడం నాకు వృత్తి.

అమ్మ పోయాక నాన్న ఊళ్ళో బాబాయి వాళ్ళతోనే ఉండేవాడు. రెండిళ్ళకీ నడుమ ఒకటే గోడ. మొన్నటి కార్తీకం కాదు, అంతకు ముందు కార్తీకంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. ఎడమవైపు చెయ్యి, కాలు పడిపోయాయి. నరసరావుపేట ఆసుపత్రిలో ఉంచి, తర్వాత ఆ ఊళ్ళోనే ఉన్న మా ఇంటికి తీసుకొచ్చాం. నోరు మాత్రం చెక్కుచెదరలేదు. మా వంశంలో దాని జోలికి రోగాలు కూడా రావు.

వ్యాయామం చేయించడానికి ఒకమ్మాయి రోజూ పొద్దున వచ్చేది. చిన్నపిల్ల, మంచి ఓపిక. "తాతగారూ, పాదం కిందికి నొక్కండి. ఇరవై సార్లు. నరాలు చచ్చిపోలేదు, నిద్రపోతన్నాయి. ఈ మూడు నాలుగు నెలల్లో ఎంత లేపితే అంత. ఆ తర్వాత కష్టం," అని చెప్పింది. నాన్న ఆ పిల్లకేసి చూసి, "నిద్రపోయేవాళ్ళని లేపితే పాపం తగులుద్దమ్మా," అని కళ్ళు మూసుకున్నాడు.

ఆ పిల్ల పోయాక నేను మొదలుపెట్టేదాన్ని. "నీ కాలే కదా నాన్నా, మందికోసం ఆడిస్తావా?"

"ఆడిస్తే ఏమొస్తంది?"

"నడక వస్తంది."

"కూతురింట్లో, అల్లుడి సొమ్ము తింటా, కాలాడించుకుంటా కూర్చోమంటావు. అంతేగా?"

"మా ఇంట్లో తింటే అరగదా నీకు?"

"అరుగుద్ది. మింగుడు పడదు." పడిపోయిన కాలికేసి చూసుకుంటూ అన్నాడు. "ఊరికి పోతే నా కాళ్ళ మీద నేను నడిచిపోతా. మోసుకుపోయేదైతే మాత్రం ఒక్కసారే మోసుకుపోండి, రెండుసార్లు శ్రమెందుకు."

ఆయన నడవడు, నడవందే ఊరికి పోడు, పోకుండా ఇక్కడ ఉండలేడు. ఈ మూడింటి మధ్య రోజులు వరసగా పోతున్నాయి. మూడు నెలల్లో ఒకటి అప్పటికే అయిపోయింది.

మా ఆయన మాటలు తక్కువ మనిషి. పెళ్ళినాటి నుంచీ నేనే ఇద్దరి వాటా మాట్లాడుతున్నాను. మావయ్యకు పొద్దుపోవడం లేదని ఆయనే నెట్ పెట్టించి టీవీకి కలిపాడు. నేను ప్రవచనాలు పెట్టాను. "ఆ చెప్పేవన్నీ నాకు వంటబట్టేవే అయితే లారీ ఎందుకు నడుపుతా," అన్నాడు నాన్న. వంటల వీడియోలు పెట్టాను. "ఆకలి పుట్టించి చంపుతన్నావు," అన్నాడు. పాత నాటకాల పద్యాలు పెడితే నిద్రపోయాడు. అదే నయమనిపించి అవి పెట్టి వంటింట్లోకి పోవడం అలవాటు చేసుకున్నాను.

ఆ టీవీకి ఒక గుణం ఉంది. ఒకటి అయిపోగానే మనల్ని అడక్కుండా ఇంకోటి వేస్తుంది. ఒకరోజు మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి వచ్చి దొండకాయలు వేయిస్తున్నాను. ముందు గదిలోంచి నాన్న కేక.

"గేరు దించరా! దించరా అంటంటే!"

గరిటెతో పాటు పరుగెత్తాను. పద్యాలు ఎప్పుడో అయిపోయాయి. టీవీ నిండా రోడ్డు. ఎవరో డ్రైవరు తన లారీ ముందద్దం దగ్గర ఫోను బిగించి, దారంతా తీసి నెట్‌లో పెట్టాడు. గిద్దలూరు దాటి నల్లమల ఘాటు రోడ్డు ఎక్కుతోంది బండి. ఇంజను మూలుగుతోంది. రెండు పక్కలా అడవి, పిట్టగోడ మీద కోతులు. డ్రైవరు ముఖం కనపడదు, అప్పుడప్పుడూ గొంతు వినపడుతుంది, అంతే. గోదావరి యాస.

"ఏంది నాన్నా, ఎవర్ని తిడతన్నావ్?"

"ఈణ్ణే. ఇరవై టన్నులేసుకుని మూడో గేర్లో లాగుతన్నాడు, ఇంజను ఏడస్తన్నా వినపడట్లా వెధవకి. రెండు, రెండు వెయ్యాలి, డబుల్ క్లచ్ తొక్కి."

పాత లారీల్లో గేరు దించాలంటే క్లచ్ ఒకసారి తొక్కితే చాలదట. ఒకసారి తొక్కి గేరు ఊడదీసి, వదిలి, ఇంజను వేగం పెంచి, మళ్ళీ తొక్కి కింది గేరులో వెయ్యాలి. ఒక్క గేరుకి రెండు తొక్కుళ్ళు. ఇప్పటి బళ్ళకి ఆ అవసరం లేదు. ఆ సంగతి ఆయనకి చెప్పబోయి కిందికి చూశాను. క్లచ్ ఉండేది ఎడమకాలి కింద. నాన్న ఎడమ బొటనవేలు నేలను నొక్కుతోంది. నొక్కింది, వదిలింది, మళ్ళీ నొక్కింది. గోరు చుట్టూ తెల్లబడేంత గట్టిగా ఏం కాదు. చీమను నలిపేంత. కానీ కదిలింది.

అరుద్దామనుకున్నాను. చూశావా కదిలింది, నేను చెప్పలేదూ, వినవు కదా ఎవరి మాటా అని నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఆయన ఆపేస్తాడు. నా కోసం చేసినట్టవుతుంది, నేను గెలిచినట్టవుతుంది. ఆయన్ను ముప్ఫై ఏళ్ళుగా ఓడించడానికి చూస్తున్నదాన్ని, నాకు తెలియదా? నోరు మూసుకుని వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. దొండకాయలు మాడిపోయాయి. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు.

ఆ రాత్రి అన్నాలప్పుడు మా ఆయనకు మాత్రం మెల్లగా చెప్పాను. ఆయన తల ఊపాడు. మర్నాడు సాయంత్రం ఒక చెక్కముక్క, కోసిన టైరు ట్యూబు తెచ్చుకుని వరండాలో కూర్చుని ఏదో కొట్టాడు. తయారైన దాన్ని నాన్న కుర్చీ ముందు పెట్టి, ఎడమ పాదాన్ని ఎత్తి దాని మీద ఆనించాడు. తొక్కితే దిగి, వదిలితే లేచే చెక్క.

"మావయ్యా, క్లచ్ ఎట్లా ఉందో చూడండి."

ఇప్పుడు తిడతాడనుకున్నాను. నాన్న రెండుసార్లు తొక్కి చూశాడు. అంగుళం కూడా దిగలేదు. "కొంచెం బిగువుగా ఉంది అల్లుడుగారూ," అన్నాడు. "కొత్తది గదా. వాడగా వాడగా తేలికవుద్ది." తర్వాత గోడకేసి చూసి టీవీ కిందికి దింపమన్నాడు. అది అద్దంలా ఎదురుగా ఉండాలి, కుర్చీ మధ్యలో కాదు, కుడివైపు ఉండాలి. మా ఆయన అన్నీ చేశాడు. ఎడమవైపు ఖాళీ చోట నేను ముక్కాలిపీట వేసుకున్నాను.

అక్కడి నుంచి మా ఇంటి పద్ధతులు మారిపోయాయి. రోజూ మధ్యాహ్నం నాలుగింటికి బండి బయల్దేరుతుంది. బయల్దేరే ముందు నాన్న కుడిచేత్తో రిమోటుని కళ్ళకద్దుకుంటాడు. రాహుకాలం ఉంటే బయల్దేరడు. అమావాస్య నాడు అసలు బండే తియ్యడు.

"వీడియోకి రాహుకాలమేంది నాన్నా? వాడెప్పుడో పోయిన దారి ఇది, ఇంటికి కూడా చేరుంటాడు."

"వాడి సంగతి నాకెందుకు? నేను పొయ్యేది ఇప్పుడు."

నేను పీట దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

ఇంకో నియమం, నడిరోడ్డు మీద బండి ఆపకూడదు. నేను కాఫీ కలిపి తెచ్చి వీడియో ఆపబోతే చెయ్యి కొట్టినంత పని చేసేవాడు. "ఎనక ఎవడన్నా వస్తే? సైడు తియ్యి ముందు." సైడు తియ్యడం నా చేతుల్లో లేదు. ఆ గోదావరి డ్రైవరు ఢాబా దగ్గరో, నీళ్ళ కోసమో ఆపేదాకా ఆగాల్సిందే. కాఫీ చల్లారేది, మళ్ళీ కాచేదాన్ని. ఒకరోజు ఎదురింటి అక్కయ్య వచ్చి, "ఏంది, మీ నాన్న ఇంకా కాఫీ తాగలా?" అంటే, "ఇంకా గిద్దలూరు రాలేదక్కా," అని నా నోటితో నేనే చెప్పాను.

ఎడమవైపు కూర్చున్నదాన్ని కనుక నాకూ పని పడింది. ఆ పక్క దారి చూసి చెప్పడం. "రానీ రానీ, ఎడమ పక్క ఖాళీ," అనాలి. అనకపోతే, "నిద్రపోతన్నావా?" అని గదమాయించేవాడు. అట్లా పక్కన కూర్చుని రోజూ వింటూ ఉంటే, నాకు తెలియని ముప్ఫయ్యారేళ్ళు కొంచెం కొంచెంగా బయటికొచ్చాయి. ఘాటులో బ్రేకులు కాలి వాసనొస్తే ఏం చేస్తారో, వానలో పత్తి బేళ్ళ మీద పట్టా ఎగిరిపోతే లారీ పైకెక్కి ఎట్లా పడుకున్నాడో చెప్పాడు. ఒకచోట రోడ్డు పక్కన చింతచెట్ల వరస వచ్చింది. "ఈడే, నీకు టైఫాయిడని మీ అమ్మ పంపిన కబురు అందింది. ఈడనుంచి ఎనక్కి తిప్పా. లోడు దించేదాకా ఆగలా. ఓనరు తిట్టాడు." రోడ్డుకేసి చూస్తూనే అన్నాడు. "వచ్చేసరికి నీకు జొరం తగ్గింది. నిద్రపోతన్నావు. చూసి మళ్ళీ పోయా."

నలభై ఏళ్ళు దాచుకున్న కేసు ఒక్క సాక్షితో కొట్టేశారు. "ఎడమ పక్క ఖాళీ," అన్నాను.

నెల తిరిగేసరికి చెక్క సగం దాకా దిగుతోంది. పొద్దున్న వచ్చే అమ్మాయి ఆశ్చర్యపోయి, "తాతగారు నాకు తెలీకుండా చేస్తన్నారు!" అంది. నేను కళ్ళతో సైగ చేశాను, నోరెత్తకమ్మా అని. ఆ పిల్ల తెలివైంది, ఎత్తలేదు.

తెలివి తక్కువైంది నేనే. ఒకరోజు లెక్కేశాను. ఒక ఘాటుకి ఇన్ని గేర్లు, గేరుకి రెండు తొక్కుళ్ళు. మరి వీడియో వేగం పెంచితే అదే గంటలో ఇంకా ఎక్కువ తొక్కుళ్ళు కదా? మూడో నెల కూడా నడుస్తోంది. రిమోటులో వేగం ఒకటిన్నర చేసి, ఏమీ ఎరగనట్టు పీట మీద కూర్చున్నాను.

నాన్న రెండు మలుపులు చూశాడు. కాలు చెక్క మీది నుంచి జారింది. ముఖం గట్టిపడింది.

"ఆపు."

"నడిరోడ్డు నాన్నా."

"ఆపమన్నానా! తాగుండాడు వాడు. మలుపులో ఆ తిప్పుడేంది, ఆ గేదెలు చూడు ఎట్టా బెదిరి పరిగెత్తుతన్నాయో. తాగినోడి బండి నేను ఎక్కను. ఎప్పుడూ ఎక్కలా."

గేదెలు పరిగెత్తింది నా వల్ల. ఆ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నాలుగయినా ఆయన కుర్చీలోకి రాలేదు, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాలు కదపలేదు. ఎవరికైనా క్షమాపణ చెప్పిన గుర్తు నాకు లేదు. మా ఆయన్ని అడిగితే ఆయనకూ లేదన్నాడు. మూడో రోజు మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.

"నాన్నా. వాడు తాగలా. వేగం నేనే పెంచా. నువ్వు తొందరగా నడుస్తావని."

మెల్లగా ఇటు తిరిగాడు.

"కాలేజీలో చెప్పరా ఇది? లోడున్న బండిని తొందరపెట్టకూడదే, పిచ్చిదానా."

"తప్పు నాదే."

"ఏందీ?"

"తప్పే అన్నాగా! ఎన్నిసార్లు చెప్పాలి?"

నవ్వాడు. నాలుగున్నరకి బండి బయల్దేరింది.

మాఘం చివర ఒకరోజు, ఢాబా దగ్గర ఆగినప్పుడు, కాఫీ తాగుతూ అడిగాడు. "మన కారంపూడి రోడ్డు ఉంటదా ఇందులో?"

వెతికాను. ఎక్కడెక్కడి దేశాల రోడ్లో ఉన్నాయి, మంచులో ఒకటి, సముద్రం వెంట ఒకటి. నరసరావుపేట నుంచి కారంపూడి రోడ్డు ఎవరూ పెట్టలేదు. ఎందుకు పెడతారు? లేదని చెప్తే "ఉండదులే," అని గ్లాసు కింద పెట్టాడు. అంత మెత్తగా ఆయన ఏ మాటా అనడు.

అది చూపిస్తే ఊరి మీద మనసు పుట్టి వెళ్ళిపోతాడని నాకు తెలుసు. నాలుగ్గంటలకి ఆ కుర్చీ ఖాళీగా ఉండడం అప్పటికే నేను ఊహించుకోలేకపోతున్నాను. అయినా ఆదివారం పొద్దున ఫోను నిండా ఛార్జింగ్ పెట్టుకుని కారంపూడి బస్సెక్కి, డ్రైవరు పక్కన ముందు సీటులో కూర్చుని, అద్దానికేసి ఫోను పట్టుకున్నాను.

"ఏందమ్మా, మా రోడ్డు మీద గుంటల సంగతి పైవాళ్ళకి రాసి పంపిస్తావా?" అన్నాడు డ్రైవరు.

"గుంటలకి కాదు, మీ డ్రైవింగుకి మార్కులెయ్యడానికి. మా నాన్న వేస్తాడు."

సంగతంతా చెప్పాను. ఆయన నకరికల్లు అడ్డరోడ్డు దాటినప్పటి నుంచీ ప్రతి గుంట దగ్గరా మెల్లగా పోనిచ్చాడు. పొలాల్లో కల్లాల నిండా మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి, ఘాటుకి బస్సులో సగం మంది తుమ్ముతున్నారు. అదంతా రికార్డయింది. నాగులేటి వంతెన దగ్గరికొస్తుండగా ఆయన్ని ఒక మాట అడిగాను. "రెండు పొట్టివి, ఒకటి పొడుగు. కొడతారా?"

"పెద్దాయన కొట్టేదా?"

"ఆఁ."

కొట్టాడు.

బస్టాండులో దిగి, ఆపకుండా ఇంటిదాకా నడిచాను. గేటు దగ్గర బాబాయి ఎదురొచ్చాడు. "ఏమే, ఏంది ఆ ఫోను అట్టా పట్టుకుని పెళ్ళి వీడియోవాడిలాగా? అన్న ఎట్టుండాడు?" అంటూ. అక్కడ ఆపాను.

మర్నాడు నాలుగింటికి నాన్న రిమోటు కళ్ళకద్దుకున్నాడు. ఏం పెట్టానో చెప్పలేదు. మొదటి మలుపులోనే గుర్తుపట్టి కుర్చీలో ముందుకి జరిగాడు. దారంతా ఎడమకాలు చెక్క మీద తన పని తాను చేసుకుపోతోంది. మా ఆయన కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వంతెన వచ్చింది. హారన్ మోగింది, రెండు పొట్టివి, ఒక పొడుగుది.

"ఎసరు పెట్టుంటది మీ అమ్మ," అన్నాడు నాన్న.

అమ్మ పోయి అప్పటికి మూడేళ్ళు. నేనూ మా ఆయనా ఒకరినొకరం చూసుకోలేదు. బస్టాండు, మా బజారు, గేటు. బాబాయి గొంతు, అన్న ఎట్టుండాడు అని. బొమ్మ నిలిచిపోయింది.

"బండి ఆగింది," అన్నాడు నాన్న. "దిగాలి."

లారీ డ్రైవరు మనలాగా దిగడు. కేబిన్ వైపు ముఖం తిప్పి, పట్టుకడ్డీ పట్టుకుని, వెనక్కి దిగుతాడు. కుడికాలు నేలకి ఆనేదాకా బరువంతా ఎడమకాలి మీదే. నాన్న మెల్లగా లేచి, పక్కకి తిరిగి, కుర్చీ వీపుని కుడిచేత్తో పట్టుకున్నాడు. నేను చేతులు చాపబోయాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. నాన్న కుడికాలు గాల్లోకి లేచింది. ఎడమ మోకాలు అదిరింది, వంగలేదు. కుడికాలు వెనక్కి వెళ్ళి నేలకి ఆనింది. నిలబడ్డాడు. తర్వాత ఒక చెయ్యి గోడకి ఆనించి, బెంచీ దాకా మూడడుగులు నడిచి, టీవీలో నిలిచిపోయిన బాబాయి ముఖాన్ని దగ్గరగా చూశాడు.

"వీడు చిక్కిపోయాడేందే? నేను లేనని తిండి మానేశాడా?"

ఏడుస్తూ నవ్వడం చేతకాదు నాకు. "నిన్న నేను వెళ్తే రెండు కూరలతో తిన్నాడు," అని పోట్లాడాను.

ఉగాది దాటాక, చేతికర్రతో, తన కాళ్ళ మీద తను నడిచి వెళ్ళాడు. అదే బస్సు, అదే ముందు సీటు. ఎక్కేటప్పుడు అదే డ్రైవరుకి, "ఆ రోజు నకరికల్లు దాటాక ఒక గుంటలో గట్టిగానే ఏసావు," అని చెప్పాడు.

ఊళ్ళో టీవీకి నెట్ లేదు, పెట్టిస్తానంటే వద్దన్నాడు. నాలుగింటికి ఫోను చేస్తాడు. నేను వీడియో పెట్టుకుని, పీట మీద కాదు, ఆయన కుర్చీలోనే కూర్చుంటాను.

"బండి యాడుంది?"

"ఘాటు మొదట్లో."

"లోడెంత?"

"ఇరవై టన్నులన్నాడు."

"రెండో గేరెయ్యి. డబుల్ క్లచ్ తొక్కావా?"

ఇప్పటి బళ్ళకి డబుల్ క్లచ్ అక్కర్లేదు. ఆ మాట చెప్పడానికి నోరు తెరుస్తాను. చెక్క ఇంకా అక్కడే, నా ఎడమకాలి కిందే ఉంది.

"తొక్కాను నాన్నా," అంటాను. రెండుసార్లు తొక్కాకే.